కొత్త మెమరీ షేర్లు కొన్నారు సరే, అబ్బాయి చదువు కూడా అటేనా?

ప్రశ్న: మావాడు ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. కంప్యూటర్ మెమరీ చిప్‌లలో డీర్యామ్ (కరెంటు ఉన్నంతసేపే డేటా ఉంచుకునేది), ఫ్లాష్‌ల (కరెంటు పోయినా డేటా ఉంచుకునేది) పని అయిపోయిందని, ఇక ఎంర్యామ్ (అయస్కాంత శక్తితో డేటా దాచేది), రీర్యామ్ (విద్యుత్ నిరోధకతలో మార్పుతో దాచేది), హెచ్‌బీఎంలదే రాజ్యమని చదివి వాటి కంపెనీల షేర్లు కొన్ని కొన్నాను. పీజీ వీటిలో దేనిలో చేయించాలి?

జవాబు: ఈ ప్రశ్న ఏటా వస్తుంది, మెమరీ పేరే మారుతుంది. అబ్బాయి నేర్చుకున్నది రేపు ఎవరికీ అక్కర్లేకుండా పోతుందేమోనన్నదే మీ అసలు టెన్షన్.

ముందు ఒక మాట. హెచ్‌బీఎం అంటే డీర్యామ్ చిప్‌లను ఒకదానిపై ఒకటి పేర్చి, నిలువునా తీగలతో కలపడమే. పనైపోయిందని మీరంటున్న డీర్యామే అది!

ఇక కొత్త మెమరీలంటే నాకు గుర్తొచ్చేది 3డీ క్రాస్‌పాయింట్. ఈ మెమరీని 2015లో చిప్ కంపెనీలు ఇంటెల్, మైక్రాన్ ప్రకటించాయి. ఫ్లాష్ కంటే వెయ్యి రెట్ల వరకు వేగమన్నారు, కరెంటు పోయినా డేటా పోదు. మదుపరులకు ఇంకేం కావాలి? తీరా చూస్తే ఫ్లాష్ కంటే ఖరీదు, డీర్యామ్ కంటే నెమ్మది. రెంటికీ చెడ్డ రేవడి అయింది. ఎక్కువ అమ్ముడైతే తప్ప ధర దిగదు, ధర దిగితే తప్ప అమ్ముడవదు. 2021లో మైక్రాన్, 2022లో ఇంటెల్ చేతులెత్తేశాయి. అంత పెద్ద సంస్థలకే గిట్టుబాటు కాలేదు మరి. ఎంర్యామ్ పనికిరానిదని కాదు, మైక్రోకంట్రోలర్లలో (పరికరాల్ని నడిపే చిన్న చిప్‌లలో) ఫ్లాష్‌ను ఇమడ్చడం కష్టమైన చోట బాగానే నిలబడింది. కానీ డీర్యామ్‌ను గద్దె దించుతుందంటే నేను నమ్మను. అలాగని డీర్యామ్ కంపెనీలైనా భద్రమా అంటే అదీ లేదు. ధరలు పడిపోయినప్పుడు 2009లో కిమోండా, 2012లో ఎల్పిడా దివాలా తీశాయి.

కాస్త కటువుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. షేరు నచ్చకపోతే రేపు పొద్దున అమ్మేస్తారు, అబ్బాయి రెండేళ్ల చదువును అలా అమ్మలేరు. ఇంత రాసి, అతనికి ఏది ఇష్టమో ఒక్క ముక్కైనా రాయలేదేం?

భయపడాల్సింది మాత్రం లేదు. సన్నని పొరలు వేయడం, చెక్కడం, చిప్ టెస్టింగ్, తప్పుల్ని సరిదిద్దే కోడ్‌లు, కంట్రోలర్ డిజైన్... ఏ మెమరీ గెలిచినా వీటితో పని ఉంటుంది. కాబట్టి మెమరీ పేరు చూసి కాకుండా సెమీకండక్టర్ డివైజెస్ (చిప్‌లోని భాగాలు పనిచేసే తీరు), వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్), కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లలో (ప్రాసెసర్, మెమరీ కలిసి పనిచేసే తీరు) ఒకటి ఎంచుకోమనండి.

డీర్యామ్‌లోని డేటాను దాదాపు 64 మిల్లీసెకన్లకోసారి ఎందుకు రిఫ్రెష్ చేయాలో (అంటే మళ్లీ నింపాలో) ఒకసారి అతన్నే అడగండి. డేటాను చార్జ్‌గా దాచే కెపాసిటర్‌లోంచి ఆ చార్జ్ ఎలా కారిపోతుందో ఉత్సాహంగా బొమ్మ గీసి చూపిస్తే డివైజెస్. ఆ సమయంలో ప్రాసెసర్ ఎంత ఆగాలో లెక్క మొదలుపెడితే ఆర్కిటెక్చర్.