కుర్తీకి 90 మిగులుతుందన్న లెక్కలో రిటర్న్స్ లేవు

ఆన్‌లైన్ సైట్‌లో అమ్మే ఒక్కో కుర్తీకి 90 రూపాయలు మిగులుతుందని లెక్క వేశారు కదా, ఆ 90ని రిటర్న్సే (కస్టమర్లు తిప్పి పంపేవే) తినేస్తున్నాయి. బెంగళూరు చిక్‌పేటలో కొన్న ధర, సైట్ కమిషన్, షిప్పింగ్ సరిగ్గానే తీసేశారు. కానీ ఆ లెక్క కస్టమర్ ఉంచుకున్న కుర్తీకే సరిపోతుంది.

1. బ్యాంకులో పడిన మొత్తం కాదు, సైట్ ఇచ్చే ఆర్డర్ వారీ సెటిల్‌మెంట్ రిపోర్ట్ (ఏ ఆర్డర్‌కు ఎంత కోసి ఎంత ఇచ్చారో చూపేది) తీయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: రిటర్న్ ఖర్చంతా నిలిచిన ఆర్డర్ల మీద వేయాలి.
10 పంపితే 3 తిరిగొచ్చాయనుకోండి.
నిలిచినవి: 7 × 90 = 630.
ఒక్కో రిటర్న్‌కు షిప్పింగ్, ప్యాకింగ్ కలిపి 145 పోతే: 435.
మిగిలేది 195. అంటే కుర్తీకి 28 కూడా రాదు!
మరక పడి వచ్చిన పీసుంటే దాని కొన్న ధర కూడా తీసేయండి.

3. సైట్ మీ డబ్బులోంచి ముందే పట్టుకునే పన్నులు, అంటే టీసీఎస్ 0.5 శాతం, టీడీఎస్ 0.1 శాతం, ఖర్చులో రాయకండి. మొదటిది జీఎస్టీ పోర్టల్‌లో, రెండోది ఐటీ రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు.