కుక్క ఒళ్లు వేడిగా ఉంటే పారాసిటమాల్ వేయవచ్చా?

మీ కుక్క రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదని, ఒళ్లు కాలుతోందని, ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర సగం వేయవచ్చా అని అడిగారు. వేయకండి. కుక్క సాధారణ ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. పారాసిటమాల్ మోతాదు మించితే దాని కాలేయం దెబ్బతింటుంది. ఐబుప్రొఫెన్ అయితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలూ పాడవుతాయి. ముందు దాని పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి, ఆ తర్వాత చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి. మన డెల్టాలో తిండి మానేసిన కుక్కల్లో చాలావాటికి వచ్చేది గోమార్ల జ్వరమేనని నా గట్టి నమ్మకం.

భీమవరం దగ్గర మా బావగారి రొయ్యల చెరువు గట్టు మీద కాపలాకు ఒక నాటుకుక్క ఉండేది. ఒక వేసవిలో అది షెడ్డులో ఖాళీ మేత సంచుల మీద పడుకొని, పిలిచినా తల ఎత్తడం మానేసింది. అక్కడ పనిచేసే పెద్దాయన, "వేడి చేసిందండీ, మజ్జిగ పోస్తున్నాను, తగ్గిపోతుంది" అన్నాడు. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పొట్ట కింది చర్మం మీద ఎర్రని చుక్కలు లేచాయి, ముక్కు ఆనిన చోట సంచి మీద నెత్తురు మరక ఉంది. చెవి మడత విప్పితే ఆముదం గింజలంత గోమార్లు వరుసగా పట్టుకొని కనిపించాయి. వాటి కాటు ద్వారా ఎర్లీకియా అనే బ్యాక్టీరియా ఒంట్లోకి వెళ్లి, తెల్ల రక్తకణాల్లో చేరి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోయేలా చేస్తుంది. అటువంటి స్థితిలో ఉన్న కుక్కకు ఐబుప్రొఫెన్ వంటి నొప్పుల మాత్ర వేస్తే రక్తస్రావం ఇంకా పెరగవచ్చు.

ఇక్కడ నాకున్న కోపం కూడా చెప్పనివ్వండి. రొయ్యకు తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చిందేమో చూడడానికి పీసీఆర్ పరీక్ష చేసే ల్యాబులు భీమవరంలో ఎటు చూసినా ఉన్నాయి, కానీ కుక్క రక్తంలో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టించాలంటే ఊరంతా తిరగాలి. మనుషుల ల్యాబువాళ్లు కుక్క రక్తం అనగానే మొహం తిప్పుకున్నారు. పశువుల ఆసుపత్రిలో ఆ యంత్రం లేదన్నారు, గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లమన్నారు. లీటరు పాలు ఇవ్వని జంతువుకు ఇంత శ్రమ ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు.

చివరకు లక్షణాలను బట్టే డాక్టరుగారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఈ మందు బరువును బట్టి లెక్కగట్టి ఇవ్వాలి కాబట్టి మందుల షాపు కుర్రవాడి మాట మీద వేయకండి. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది. మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చాలా కుక్కలు లేచి తింటాయి, దానితో యజమానులు మందు ఆపేస్తారు. సాధారణంగా నాలుగు వారాలు వాడవలసిన మందును అలా మధ్యలో ఆపితే జబ్బు లోపలే ఉండిపోయి కొన్ని నెలలకు తిరగబెట్టవచ్చు, అప్పుడు ఎముక మజ్జ కూడా దెబ్బతినే ప్రమాదం ఉంటుంది.

గోమార్లను వదిలించడానికి కిరసనాయిలు పూయకండి, గేదెలకు కొట్టే మందును కొలత లేకుండా చల్లకండి; చర్మం కాలడమే కాక, కుక్క నాకితే అది కడుపులోకి పోతుంది. కుక్క బరువుకు తగిన మందు డాక్టరు దగ్గర అడిగి వాడండి. అయితే కుక్కకు మందు వేసినంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే రక్తం తాగిన ఆడ గోమారి కిందికి రాలి, గోడ పగుళ్లలో దూరి, వేల గుడ్లు పెడుతుంది. మేము ఆ మేత సంచులన్నీ అక్కడి నుంచి తీసి పారేసి, షెడ్డు గోడల పగుళ్లను సిమెంటుతో పూడ్పించిన తరువాతే ఆ కుక్క చెవులు శుభ్రపడ్డాయి.