మేడ మీద నెట్ రావట్లేదన్నావు కదా అల్లుడూ

అల్లుడూ,

నిన్న నువ్వు ఫోన్ చేసి "మావయ్యా, మేడ మీద నెట్ రావట్లేదు, ఏ రౌటర్ కొనమంటావు" అని అడిగినప్పుడు బస్సులో ఉన్నాను, పక్క సీట్లో ఎవరో ఫోన్లో పాటలు పెట్టి చంపేస్తున్నాడు, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. రౌటర్ అప్పుడే కొనకు. నెట్ రావట్లేదు అంటే ఒంట్లో బాగాలేదు అన్నట్టే, ఎక్కడో తెలియందే మందు వేయలేం. పన్నెండేళ్ళు విజయవాడలో ఇంటర్నెట్ సెంటర్ నడిపి, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అది మూసేసి, అప్పట్నుంచి ఆఫీసులకీ క్లినిక్కులకీ కేబుళ్ళు లాగుతున్నాను. ఇన్నాళ్ళలో కొత్త డబ్బా కొంటేనే తీరిన బాధలు చాలా తక్కువ చూశాను.

మీ ఇల్లు నాకు తెలియనిదా. కింద హాల్లో టీవీ షోకేస్ కింది అరలో, అక్క పెట్టిన స్వామి పటం వెనకాల ఉంటుంది ఆ తెల్ల రౌటర్ డబ్బా. పక్కనే ఇనప బీరువా. దానికీ నీ గదికీ మధ్య స్లాబు, అందులో నిండా ఇనప చువ్వలు, పైగా మీవి తొమ్మిదంగుళాల పాత గోడలు. ఇంకెలా ఎక్కుతుంది సిగ్నల్ పైకి? ముందు డబ్బాని అక్కణ్ణుంచి తీసి, మెట్ల దగ్గర గోడకి మనిషి తలకన్నా ఎత్తులో బిగించు. దాంట్లోకి వచ్చే సన్నటి పసుప్పచ్చ తీగని మాత్రం లాగకు, మేకు చుట్టూ మడవకు, లోపల ఉండేది గాజు. పొడుగు చాలకపోతే నెట్ కుర్రాణ్ణి పిలిచి వేయించుకో, అది నీ పని కాదు.

డబ్బా మీద దీపాల సంగతి ఇంట్లో అందరికీ నేర్పు, బావకి కూడా. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్రగా మెరుస్తోందంటే బయట నుంచి వెలుతురే రావట్లేదని అర్థం, లారీ తగిలి తీగ తెగిందో, ఉడత కొరికిందో. అప్పుడు నువ్వు ఇంట్లో ఏం చేసినా ఉపయోగం లేదు, ఫిర్యాదు నమోదు చేసి కూర్చోవడమే. పాన్ దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉంటే వీధి వైపు తీగ బాగానే ఉన్నట్టు.

వైఫైలో నీకు రెండు పేర్లు కనిపిస్తుంటాయి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. సెల్ ఫోన్ 5జీకీ దీనికీ సంబంధం లేదు, ఇది 5 గిగాహెర్ట్జ్, రెండోది 2.4. అయిదుది వేగం ఎక్కువ, కానీ గోడ అడ్డొస్తే నీరసించిపోతుంది. 2.4 గోడలు దాటుతుంది, కానీ వీధిలో అందరూ దాని మీదే ఉంటారు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ దగ్గర్లోనే గోల చేస్తుంది. హాల్లో టీవీకి అయిదు, గేటు దగ్గర కెమెరాకి 2.4, అంతే. చవక కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి, అవి కలవట్లేదని మొన్న మీ ఎదురింటాయన షాపుకెళ్ళి గొడవ పెట్టుకున్నాడట, అందులో షాపువాడి తప్పేం లేదు. 2.4లో ఛానెల్, అంటే సిగ్నల్ నడిచే వరస, 1, 6, 11 ఈ మూడింట్లో ఒకటి పెట్టు. మధ్యలోవి పెడితే రెండు వైపులా తగులుతాయి.

ఇక మేడ మీదకి. నువ్వు ఇంట్లోంచి పని చేస్తావు, రోజుకి నాలుగు మీటింగులు, కాబట్టి సిగ్నల్ పెంచే ప్లగ్గుల జోలికి పోకు, కింద వచ్చిన నీరసం సిగ్నల్నే పట్టుకుని మళ్ళీ పైకి చెప్తాయవి, చాలా వాటిలో వేగం సగం అక్కడే పోతుంది. కదలని వస్తువుకి తీగ వేయాలి, కదిలే వస్తువుకి గాలి, అంటే వైఫై, వదలాలి. నా లెక్క ఇదే, ఇన్నేళ్ళకి కూడా మారలేదు. కింద నుంచి పైకి నెట్‌కి వేసే క్యాట్ 6 రకం కేబుల్ ఒక్కటి లాగించు. కొనేటప్పుడు లోపలి తీగ నిఖార్సైన రాగిదేనా అని అడుగు, అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కూడా అదే ధీమాగా అమ్ముతారు. కత్తితో కొన కొంచెం గీకు, లోపల తెల్లగా కనబడితే వదిలెయ్. బయట గోడ మీద నుంచి పోతే ఎండకి తట్టుకునే నల్ల తొడుగుది తీసుకో. కరెంటు తీగలు పోయే పైపులోనే దీన్ని దూర్చనివ్వకు, ఎలక్ట్రీషియన్ అదే పైపు అంటాడు, ఒప్పుకోకు. వంద మీటర్ల దాకా ఢోకా లేదు, మీకు పాతిక కూడా పట్టదు.

కేబుల్ కొనలకి రౌటర్‌లో దూరే ప్లాస్టిక్ క్లిప్పులు కొట్టడం నువ్వే నేర్చుకో. క్లిప్పు బుడిపె కిందకి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చూస్తే తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనలూ ఒకేలా. నాలుగోదీ అయిదోదీ దగ్గరే అందరూ తప్పుతారు, ఆకుపచ్చ జంట విడిపోయి మధ్యలో నీలం జంట కూర్చోవాలి. తీగలన్నీ సమానంగా కత్తిరించి, క్లిప్పు చివరి దాకా తోసి, పైన ప్లాస్టిక్ తొడుగు కూడా లోపలికి పోయిందా చూసి అప్పుడు నొక్కు. నీలం, గోధుమ జంటల్లో ఒక్క తీగ అందకపోయినా నెట్ వస్తుంది కానీ వందకి మించదు, ఎందుకంటే వంద ఎంబీపీఎస్‌కి నారింజ, ఆకుపచ్చ జంటల నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి, అంటే వెయ్యికి, ఎనిమిదీ కావాలి. మూడు వందల ఎంబీపీఎస్ ప్లాన్ కట్టి ఎప్పుడు చూసినా తొంభై నాలుగు, తొంభై అయిదు దగ్గరే ఆగిపోతోందంటే నెట్ వాణ్ణి తిట్టకముందు కేబుల్ చూసుకో. డౌన్‌లోడ్ సెకనుకి 37 ఎంబీ చూపిస్తే మోసపోయానని కంగారు పడకు, ప్లాన్ లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు, మూడు వందల్ని ఎనిమిదితో భాగిస్తే వచ్చేది అంతే.

పైన పెట్టడానికి అటక మీద మీ పాత రౌటర్ ఉంది కదా, అదే చాలు. ముందు దాన్ని విడిగా లాప్‌టాప్‌కి తగిలించి సెట్టింగుల్లోకి వెళ్ళు. వైఫై మాత్రమే వదిలే యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది పెట్టేస్తే సరి. లేకపోతే దాని అడ్రస్ 192.168.1.2 చేసి, అందులో ఫోన్లకీ ప్రింటర్లకీ నంబర్లు, అంటే అడ్రస్‌లు, పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, కింద నుంచి వచ్చిన కేబుల్‌ని వ్యాన్ అని రాసిన వేరే రంగు రంధ్రంలో కాకుండా మామూలు ల్యాన్ రంధ్రంలో పెట్టు. వ్యాన్‌లో పెట్టినా నెట్ వస్తుంది, అక్కడే బోల్తా పడతారు అందరూ, కానీ అప్పుడు ఇల్లు రెండు వాటాలైపోయి కింద ఫోన్లకి పైన ప్రింటర్ కనపడదు. వైఫై పేరూ పాస్‌వర్డూ కింద ఏం పెట్టావో పైనా అవే పెట్టు, కింద ఛానెల్ 1 అయితే పైన 11.

ఇల్లంతటికీ నంబర్లు పంచేది ఒక్కడే ఉండాలి. ఆ పంచడాన్నే డీహెచ్‌సీపీ అంటారు. నేనొకసారి ఒక ఆఫీసులో ప్రింటర్‌కి నా ఇష్టమొచ్చిన నంబరు చేత్తో ఇచ్చి వచ్చేశాను, 192.168.1.25 అని ఇప్పటికీ గుర్తుంది. రౌటర్ అదే నంబరు వాళ్ళ మేనేజర్ ఫోన్‌కి ఇచ్చేది. ఆయన ఆఫీసుకి వచ్చిన రోజు ప్రింటర్ పనిచేయదు, రాని రోజు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పది రోజులు తిరిగాను ఆ చుట్టూ, ఆయన దిష్టి అని కూడా అన్నారు అక్కడ. నువ్వు అలా చేయకు, రౌటర్‌లోనే రిజర్వేషన్ అని ఉంటుంది, ప్రింటర్‌ని అక్కడ ఎంచుకుని నంబరు కట్టెయ్.

రౌటర్ పేజీ అంటే బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాలి, కొన్నిటికి 192.168.0.1, డబ్బా అడుగున చీటీ మీద ఉంటుంది. అక్కడ అడిగేది రౌటర్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ కాదు. అది చాలా ఇళ్ళలో ఇంకా అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటుంది, తాళం వేసి చెవి గుమ్మం మీద పెట్టినట్టు. మార్చు. భద్రత డబ్ల్యూపీఏ2 గానీ, 3 ఉంటే 3 గానీ పెట్టు, పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపేసే డబ్ల్యూపీఎస్ ఆపు, బయట నుంచి నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపు. గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి పెట్టు, పండక్కి చుట్టాలొస్తే ఆ పాస్‌వర్డే ఇవ్వు, అక్క ట్యూషన్ పిల్లలకీ అదే.

ఏ మీటా నొక్కే ముందు ఉన్న సెట్టింగుల్ని ఫోన్‌తో ఫోటో తీసుకో. ముఖ్యంగా నెట్ వాళ్ళు ఇచ్చిన పీపీపీఓఈ యూజర్ నేమ్ ఉండే పేజీ. వెనక చిన్న కన్నంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టే వీరుడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, ఒకప్పుడు ఆ వీరుణ్ణి నేనే. ఒక శనివారం సాయంత్రం ఒక డాక్టరుగారి క్లినిక్కులో కొట్టాను, నెట్ వాళ్ళ యూజర్ నేమ్ తుడిచిపెట్టుకుపోయింది, సోమవారం దాకా వాళ్ళ ఆఫీసు తెరవలేదు, డాక్టరుగారు ఒక్క మాట అనలేదు గానీ ఆ తర్వాత నన్ను పిలవనూ లేదు. ఆపి మళ్ళీ వేయడం వేరు, రీసెట్ వేరు.

మళ్ళీ ఎప్పుడైనా ఆగిపోతే లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే ఆ నల్ల కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టు. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నీకు నంబరే ఇవ్వలేదు, కేబులో వైఫైయో చూడు. నంబరు బాగుంటే 192.168.1.1కి పింగ్ కొట్టు (ping 192.168.1.1), అంటే పలుకుతోందా అని పిలిచి చూడు, జవాబొస్తే ఇంట్లో అంతా క్షేమం. తర్వాత 8.8.8.8కి, అది బయట గూగుల్ వాళ్ళ సర్వర్. అక్కడ ఆగితే బయట తప్పు. అదీ పలికి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ మొండికేసింది, రౌటర్‌లో 8.8.8.8, 1.1.1.1 రాసి సేవ్ చెయ్. నాకు ఫోన్ చేసేటప్పుడు ఈ నాలుగూ చూసి చెయ్, రెండు నిమిషాల్లో తేల్చేద్దాం.

అన్నట్టు, కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతోందని బావ విసుక్కుంటున్నాడట. ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి, టీవీ దగ్గర ప్లగ్గు లేదు, అదీ సంగతి. డబ్బా మెట్ల దగ్గరికి మారుస్తావు కాబట్టి అక్కడి ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీదకి వేయించు. లేదంటే రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి దానికి సరిపోయేది తీసుకో.

కేబుల్ ముప్పై మీటర్లు, క్లిప్పులు పది కొని పెట్టు, మొదటి నాలుగైదు ఎలాగూ పాడు చేస్తావు. క్లిప్పులు నొక్కే క్రింపింగ్ టూల్ కొనకు, వచ్చే ఆదివారం నాది పట్టుకొస్తాను, ఆ నిచ్చెన మాత్రం ఎదురింటాయన దగ్గర అడిగి ఉంచు.

మావయ్య