పెట్టె మీద రాయని తేడాలు: బడ్జెట్ ట్యాబ్లెట్ ఎక్కడ పొదుపు చేస్తుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ట్యాబ్లెట్ల గురించే ఉన్నాయి. చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నందువల్ల, అయిదింటిని ఎంచుకుని, మొదటిదానికి మాత్రం కాస్త విపులంగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి చదువు కోసం ట్యాబ్లెట్ కొందామని రెండు మోడళ్ళు చూశాం. రెండింటి పెట్టెల మీదా 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 10 అంగుళాల పైచిలుకు తెర, దాదాపు 7,000 ఎంఏహెచ్ బ్యాటరీ అనే రాసి ఉంది. కానీ ఒకదాని ధర రెండోదానికి మూడు రెట్లు. ఈ తేడా అంతా కంపెనీ పేరుకేనా?

జవాబు: కొంత పేరుకే, అందులో అనుమానం లేదు. మిగిలినదంతా పెట్టె మీద రాయని విషయాలకు. ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు తయారీదారు కొనేవారు పోల్చి చూసే అంకెల జోలికి పోడు. ఎవరూ అడగని చోట కోత పెడతాడు. అందుకే రెండు పెట్టెలూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి.

ముందుగా ఆ 8 జీబీ సంగతి చూడండి. చౌకరకం మోడల్ పెట్టె మీద ఆ అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉందేమో గమనించండి. ఉంటే, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో "4 జీబీ + 4 జీబీ వర్చువల్ ర్యామ్" అని ఉండే అవకాశం ఎక్కువ. వర్చువల్ ర్యామ్ అంటే వేరే చిప్ ఏదీ కాదు. అసలు ర్యామ్ నిండిపోయినప్పుడు, వెనుక ఖాళీగా కూర్చున్న యాప్‌ల సమాచారాన్ని స్టోరేజ్‌లోకి నెట్టి, మళ్ళీ కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకునే ఏర్పాటు మాత్రమే. స్టోరేజ్ వేగంగా ఉంటే ఇది కొంత ఉపయోగపడుతుంది. నెమ్మదిగా ఉంటే, ఆ తెచ్చుకోవడానికి పట్టే సమయం మన వేలికి తెలిసిపోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఈ స్టోరేజ్‌లోనే ఉంది. రెండింటిలోనూ 128 జీబీయే, కానీ బడ్జెట్ ట్యాబ్లెట్లలో ఎక్కువగా ఈఎంఎంసీ రకం చిప్, ఖరీదైనవాటిలో యూఎఫ్‌ఎస్ లేదా దానికి సాటివచ్చే మరో వేగవంతమైన రకం ఉంటాయి. ప్రమాణాల ప్రకారం ఈఎంఎంసీ 5.1 గరిష్ఠ వేగం సెకనుకు 400 మెగాబైట్లు, యూఎఫ్‌ఎస్ 3.1 గరిష్ఠ వేగం దాదాపు 2,900 మెగాబైట్లు. వాడకంలో ఏదీ అంత వేగం అందుకోదు గానీ, వాటి మధ్య అంతరం మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన లాంటిది, అటునుంచి వచ్చేది దాటేదాకా ఇటునుంచి వెళ్ళేది ఆగాల్సిందే. యూఎఫ్‌ఎస్‌లో రెండు పనులూ ఒకేసారి సాగుతాయి.

దీని ఫలితం ఎలా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను. నా దగ్గరున్న ఒక బడ్జెట్ ట్యాబ్లెట్ ఉదయం వైఫై అందుకోగానే ఏడెనిమిది యాప్‌లను వరుసగా అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ అయిదారు నిమిషాల్లో నోట్స్ తెరిచి ఒక వాక్యం టైపు చేయబోతే, నేను మూడో పదంలో ఉండగా తెర మీద మొదటి పదంలోని రెండక్షరాలే కనిపిస్తాయి. తరువాత మిగిలినవన్నీ ఒక్కసారిగా గుంపుగా వచ్చి పడతాయి. అప్‌డేట్లు ముగిశాక అదే పరికరం చక్కగా పనిచేస్తుంది. చాలామంది ఇలాంటప్పుడు ప్రాసెసర్‌ను తిట్టుకుంటారు గానీ, అక్కడ దారి ఇవ్వనిది స్టోరేజ్. కొన్న మొదటి వారంలో ఇది తెలియదు. స్టోరేజ్ మూడొంతులు నిండేసరికి తరచుగా తెలుస్తుంది.

తెర గురించి కూడా అంగుళాల లెక్క చాలదు. 10.1 అంగుళాల తెరకు 1280×800 రిజల్యూషన్ ఉంటే అంగుళానికి దాదాపు 149 పిక్సెళ్ళు (బొమ్మను కూర్చే చుక్కలు) పడతాయి. 1920×1200 ఉంటే 224. చాలా ఐప్యాడ్‌లలో ఇది 264. సినిమా చూసేటప్పుడు మొదటి రెండింటి తేడాను కన్ను కొంతవరకు క్షమిస్తుంది. చదివేటప్పుడు క్షమించదు, అందులోనూ తెలుగు చదివేటప్పుడు. ఏ4 పుటను స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను 10.1 అంగుళాల ట్యాబ్లెట్‌లో నిలువుగా తెరిస్తే, పుట వెడల్పు అసలు కాగితంలో మూడింట రెండు వంతులకు కుదించుకుపోతుంది. అంత చిన్నదైన అక్షరాల్లో పొట్టలో చుక్క ఉన్న 'థ'ను, చుక్క లేని 'ధ'ను విడదీసి చూపడానికి 149 పిక్సెళ్ళు చాలవు. 'స్త్రీ' వంటి చోట కింద ఉన్న రెండు ఒత్తులూ కలిసి ఒక మచ్చగా మారతాయి. పిల్లలు మాటిమాటికీ తెరను వేళ్ళతో సాగదీసి చదువుతారు, కాసేపటికి విసిగి పుస్తకమే మేలనుకుంటారు. (నిజంగానే పుస్తకం మేలు కావచ్చు, కానీ అందుకోసం ట్యాబ్లెట్ కొనక్కరలేదు కదా.) కాబట్టి చదువుకు కొనేటప్పుడు 1280×800 తెర ఉన్నదాన్ని, అది ఎంత చౌకగా దొరికినా సరే, పక్కన పెట్టమనే చెబుతాను. కొన్ని పెట్టెల మీద "1080పీ సపోర్ట్" అని ఉంటుంది. ఆ వీడియోను పరికరం ఆడించగలదని మాత్రమే దాని అర్థం. తెరకు అన్ని పిక్సెళ్ళు ఉన్నాయని కాదు.

చిన్నాచితకా కోతలు మరికొన్ని ఉంటాయి: వెలుతురును బట్టి తెర కాంతిని మార్చే సెన్సర్ ఉండకపోవచ్చు, పరికరం ఎటు తిరిగిందో గుర్తించే జైరోస్కోప్ ఉండకపోవచ్చు, వైఫై వేగం తక్కువైన 2.4 గిగాహెర్ట్జ్‌కే పరిమితం కావచ్చు. చార్జింగ్ వేగం కూడా చూసుకోండి. 7,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే దాదాపు 27 వాట్-అవర్లు; దాన్ని 10 వాట్ల చార్జర్‌తో నింపాలంటే, మధ్యలో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే, మూడు గంటలు దాటుతుంది. రాత్రి పెట్టి ఉదయం తీసేవారికి ఇది సమస్యే కాదు.

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021లో విడుదలైన ఐప్యాడ్ఓఎస్ 15 కూడా అందింది. 2024లో వచ్చిన గెలాక్సీ ట్యాబ్ ఎస్10 శ్రేణికి ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని శామ్‌సంగ్ మాట ఇచ్చింది. బడ్జెట్ మోడళ్ళలో కొన్నిటికి ఒకటి రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లతో సరిపెడతారు, కొన్నిటి విషయంలో కంపెనీ ఏ మాటా చెప్పదు. అప్‌డేట్లు ఆగిన రోజున ట్యాబ్లెట్ ఆగిపోదు. కానీ భద్రతా లోపాలు పూడ్చకుండా ఉండిపోతాయి, ఆ తరువాత కొన్నేళ్ళకు బ్యాంకు యాప్‌ల వంటివి పాత వెర్షన్ మీద ఎక్కడం మానేస్తాయి. అందువల్ల ధరను నేరుగా ధరతో పోల్చకండి. ఒక్కొక్క ధరను దానికి ఇంకా అప్‌డేట్లు అందే సంవత్సరాలతో భాగించి, ఆ వచ్చిన అంకెలను పోల్చండి. మూడు రెట్ల తేడా చాలాసార్లు ఒకటిన్నర రెట్లకు దిగివస్తుంది, అప్పుడప్పుడు తారుమారు కూడా అవుతుంది.

అయినా మీ అమ్మాయికి ఖరీదైనదే కొనమని నేను చెప్పడం లేదు. వీడియో పాఠాలు, పీడీఎఫ్‌లు, కాస్త రాసుకోవడం మాత్రమే అయితే, ఆ డబ్బులో చాలా భాగం ఆమె ఎన్నడూ వాడని ప్రాసెసర్ శక్తికి పోతుంది. పైగా రెండు మూడేళ్ళలో ఆమెకు ల్యాప్‌టాప్ అవసరం పడవచ్చు. ఈ రెండింటికీ మధ్య శ్రేణిలో, వర్చువల్ కలపకుండా 6 జీబీ అసలు ర్యామ్, 1920×1200 లేదా అంతకు మించిన తెర, యూఎఫ్‌ఎస్ స్టోరేజ్, కనీసం మూడేళ్ళు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్న రాతపూర్వక హామీ ఉన్న మోడల్ కోసం వెతకండి. ఈ నాలుగింటిలో ఏదైనా ఒకటి వదులుకోక తప్పకపోతే, ర్యామ్ విషయంలో 4 జీబీకి దిగడానికి ఒప్పుకుంటాను గానీ తెర విషయంలో ఒప్పుకోను.

ప్రశ్న: నా కొత్త ట్యాబ్లెట్ తెర ఫుల్ హెచ్‌డీ. యూట్యూబ్ ఎంతో స్పష్టంగా వస్తోంది. నెట్‌ఫ్లిక్స్‌లో మాత్రం సినిమాలు మసకగా ఉంటున్నాయి. ఇంటర్నెట్ వేగంలో లోపం లేదు. కారణమేమిటి?

జవాబు: మీ ట్యాబ్లెట్‌కు వైడ్‌వైన్ ఎల్1 ధ్రువీకరణ లేకపోవడమే కారణం అయి ఉండవచ్చు. వైడ్‌వైన్ అనేది చందా సర్వీసులు తమ వీడియోలను ఎవరూ కాపీ చేయకుండా వాడే గూగుల్ తాళం. ఆ తాళం తీసే పనిని ప్రాసెసర్‌లోని ప్రత్యేక భద్ర విభాగంలో జరిపే పరికరాలకు ఎల్1 దక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌తోనే కానిచ్చేవి ఎల్3 కింద మిగిలిపోతాయి. ఎల్3 పరికరాలకు నెట్‌ఫ్లిక్స్ తక్కువ స్థాయి 480పీ నాణ్యతనే పంపుతుంది, అందువల్ల మీ తెర ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. యూట్యూబ్‌లోని మామూలు వీడియోలకు ఈ తాళం లేదు కాబట్టి అవి స్పష్టంగా వస్తున్నాయి. నెట్‌ఫ్లిక్స్ యాప్ సెట్టింగ్స్‌లో 'ప్లేబ్యాక్ స్పెసిఫికేషన్' అనే చోట మీ పరికరం స్థాయి ఏమిటో కనిపిస్తుంది. ఎల్3 ఉన్నదాన్ని వాడేవారు తమంతట తాము ఎల్1గా మార్చుకోలేరు. తిరిగి ఇచ్చే గడువు ఇంకా ఉంటే, అది చూపించి వాపసు చేయడమే ఉత్తమం. బూట్‌లోడర్ (పరికరం ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తే బాగుపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అలా చేసినందువల్ల ఉన్న ఎల్1 కూడా చాలా పరికరాల్లో పోతుంది.

ప్రశ్న: బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. బడ్జెట్ ట్యాబ్లెట్ కొని, విడిగా ఒక స్టైలస్ కొనుక్కుంటే సరిపోతుందా?

జవాబు: ఈ ఒక్క అవసరానికి మాత్రం పొదుపు వద్దంటాను. రబ్బరు మొన, ప్లాస్టిక్ బిళ్ళ మొన ఉన్న స్టైలస్‌లను ట్యాబ్లెట్ వేలుగానే లెక్కిస్తుంది. మీరు ఎంత గట్టిగా నొక్కినా గీత మందం మారదు, అరచేయి తెరకు ఆనితే అక్కడా ఒక గీత పడుతుంది. ఒత్తిడిని గుర్తించే కలానికి తెర కింద దానికి తగిన హార్డ్‌వేర్ ఉండాలి, దాన్ని తరువాత చేర్చుకోవడం కుదరదు. శామ్‌సంగ్ ఎస్ పెన్‌లో వాడే వాకమ్ కంపెనీ పద్ధతిలో కలానికి కావలసిన శక్తి కూడా తెర అడుగునుంచే అందుతుంది, గీయడానికి కలంలో బ్యాటరీ అక్కరలేదు. ఆపిల్ కలాలన్నీ ఒకటి కావు: 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్ ఒత్తిడిని గుర్తించదు. నోట్స్‌కు అది బాగానే ఉంటుంది, బొమ్మలకు నిరాశ కలిగిస్తుంది.

మరొకటి కూడా చూసుకోండి. చౌక ట్యాబ్లెట్లలో పైనున్న గాజుకూ కిందనున్న తెరకూ మధ్య సన్నటి గాలి పొర ఉంటుంది. ఐప్యాడ్ శ్రేణిలో అన్నిటికన్నా తక్కువ ధర మోడల్‌లోనూ ఇది ఉంది. ఎయిర్, ప్రో మోడళ్ళలో గాజునూ తెరనూ అతికించేస్తారు. గాలి పొర ఉన్నప్పుడు మొన ఒకచోట ఆని ఉంటే గీత దానికి వెంట్రుకవాసి పక్కన, కాస్త లోతుగా పడినట్టు కనిపిస్తుంది. కనురెప్పల వంటి సన్నని పని మొదలుపెట్టే వరకు అది ఎంత చికాకో తెలియదు. కొనేముందు తెర మూలలో కలం పెట్టి, తల ఒక పక్కకు వంచి చూడండి.

ప్రశ్న: ఒకే ధరకు కొత్త బడ్జెట్ ట్యాబ్లెట్, మూడేళ్ళ కిందటి ఖరీదైన మోడల్ రిఫర్బిష్డ్ పీస్ (వాడినదాన్ని బాగుచేసి మళ్ళీ అమ్మేది) దొరుకుతున్నాయి. ఏది మేలు?

జవాబు: పాత మోడల్‌కు ఇంకా మూడేళ్ళ అప్‌డేట్లు మిగిలి ఉంటే, నేనైతే దాన్నే తీసుకుంటాను. తెర, స్టోరేజ్, స్పీకర్ల విషయంలో మూడేళ్ళ కిందటి మంచి ట్యాబ్లెట్‌కు నేటి బడ్జెట్ ట్యాబ్లెట్ సాటిరాదు. అసలు ప్రశ్న బ్యాటరీ. 1,000 పూర్తి చార్జ్ సైకిళ్ళ (వంద శాతం వాడి మళ్ళీ నింపితే ఒక సైకిల్) తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలిచేలా ఐప్యాడ్ బ్యాటరీలను రూపొందిస్తామని ఆపిల్ చెబుతోంది. రోజూ వంద శాతం ఖాళీ చేసేవారు తక్కువ కాబట్టి మూడేళ్ళకు అది సాధారణంగా మంచి స్థితిలోనే ఉంటుంది. అయితే ఒక దుకాణంలో కౌంటర్ మీద ఇరవై నాలుగు గంటలూ చార్జర్‌కు తగిలించి ఉంచిన పీస్ మీ చేతికి వస్తే ఈ లెక్క వర్తించదు. చాలా ట్యాబ్లెట్లలో తెరను జిగురుతో అతికిస్తారు, దాన్ని ఊడదీస్తే గానీ బ్యాటరీ మార్చలేరు, ఆ పనిలో తెర పగలడమూ కద్దు. కాబట్టి బ్యాటరీకి కూడా వారంటీ ఉందో లేదో అడగండి. లేదంటే కొత్తదే కొనండి.

ప్రశ్న: పేరు వినని కంపెనీ ట్యాబ్లెట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. 12 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజ్ అట, ధర మాత్రం మామూలు బడ్జెట్ మోడల్‌లో సగం. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. సెట్టింగ్స్‌లో కనిపించే ర్యామ్, స్టోరేజ్, చివరికి ఆండ్రాయిడ్ వెర్షన్ అంకెలను కూడా మార్చి అమ్మే పరికరాలు ఉన్నాయి. ఇప్పటికే కొని ఉంటే రెండు పనులు చేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'అబౌట్' కింద పరికరం సర్టిఫైడ్ (గూగుల్ ధ్రువీకరించినది) అని ఉందో లేదో చూడండి. లేకపోతే అందులో బ్యాంకు యాప్‌లు గానీ ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు గానీ పెట్టవద్దు. ఆ తరువాత కంప్యూటర్ నుంచి పెద్ద వీడియో ఫైళ్ళను స్టోరేజ్ నిండేదాకా కాపీ చేసి, మొదట వేసినవీ చివర వేసినవీ తెరిచి చూడండి. స్టోరేజ్ అంకె అబద్ధమైతే కాపీ మధ్యలోనే ఆగిపోతుంది, లేదా కొన్ని ఫైళ్ళు తెరుచుకోవు. ఈ పరీక్షకు ఒక పూట పడుతుంది, అందుకని వాపసు గడువు ముగిసేలోపే చేయండి.