ఇస్తామన్న డబ్బు, ఇచ్చే డబ్బు

బెంగళూరు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో కావేరి నీటి సరఫరా మీద నువ్వు రాసిన ప్రశ్నావళి చదివాను. భాష శుభ్రంగా ఉంది కానీ, మొదటి కార్డు దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడున్న సరఫరా, నెలకు అదనంగా 400 రూపాయలకు రోజూ నాలుగు గంటల నీళ్లు, 900 రూపాయలకు రోజంతా నీళ్లు, ఈ మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టమన్నావు. ఆ 900 ఆ పూట ఎవరి జేబులోంచీ పోదు. పైగా అడిగేది మన తెలుగు కుర్రాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాక 'మాకేమీ వద్దు' అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. అద్దెకున్నవారైతే అదంతా ఓనరు చూసుకుంటాడులే అనుకోవచ్చు. అందుకే ఎవరు కట్టాలో, ఏ బిల్లులో కలుస్తుందో కార్డు మీదే రాయి.

ఇలా నోటితో చెప్పేది నిజంగా కట్టేదానికంటే ఎంత ఎక్కువుంటుందనే దానికి ఒకే జవాబు లేదు. 28 అధ్యయనాలను కలిపి చూసిన ఆర్థికవేత్త మర్ఫీ బృందం 2005లో, చెప్పిన మొత్తానికీ నిజంగా ఇచ్చినదానికీ మధ్యస్థ నిష్పత్తి 1.35 అని, అంటే వంద ఇచ్చేచోట నూటముప్పై అయిదు చెప్పినట్టని తేల్చింది. కొన్ని అధ్యయనాల్లో అది అంతకు ఎన్నో రెట్లుంది. కాబట్టి ఏదో ఒక అంకెతో భాగించి చేతులు దులుపుకోకు. మాంసం ముక్కల కొనుగోలుపై లస్క్, ష్రోడర్ 2004లో ప్రచురించిన ప్రయోగం నీకు మరింత ఉపయోగం: డబ్బు కట్టనక్కర్లేని ఊహాజనిత ఎంపికల్లో అసలు కొంటామనేవారు బాగా పెరిగారు గానీ, ఒక రకానికీ మరో రకానికీ మధ్య కట్టే తేడాలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అంటే మాటలు కోటలు దాటేది ముఖ్యంగా 'ఇప్పుడున్నదే చాలు' అనే గడి దగ్గర. ప్రతి కార్డు మీదా ఆ గడిని మిగతావాటంత స్పష్టంగా అచ్చువేయించు.

కార్డులకు ముందు ఈ మాటలు చదివి వినిపించు: "ఇలాంటి సర్వేల్లో చాలామంది నిజంగా కట్టేదానికంటే ఎక్కువ చెబుతుంటారు. వచ్చే నెల మెయింటెనెన్స్, పిల్లల ఫీజు, ఈఎంఐ పోగా మిగిలేదాంట్లోంచి ఈ డబ్బు కట్టాలనుకొని చెప్పండి." కమింగ్స్, టేలర్ 1999లో ఇలాంటి ముందుమాటతో మంచి ఫలితమే సాధించారు. అయితే 2001లో లిస్ట్ చేసిన ప్రయోగంలో, క్రీడాకారుల బొమ్మల కార్డుల వ్యాపారంలో తలపండినవారి మీద అది పనిచేయలేదు. ఏళ్ల తరబడి ట్యాంకర్లతో బేరమాడుతున్న అసోసియేషన్ కార్యదర్శి కూడా దానికి లొంగకపోవచ్చు.

ముందుమాటకంటే నాకు ఎక్కువ గురి కార్సన్, గ్రోవ్స్ 2007లో వివరించిన సూత్రం మీద: తన జవాబు నిర్ణయాన్ని మార్చగలదనీ, తాను డబ్బు కట్టవలసి రావచ్చనీ నమ్మినవాడికే నిజం చెప్పే కారణం ఉంటుంది. అలాగని జలమండలి నీ నివేదిక కోసం ఎదురుచూస్తోందని అబద్ధం రాయకు. అసోసియేషన్ తన సర్వసభ్య సమావేశంలో ఫలితాలను చర్చకు పెడతానంటే ఆ ముక్క రాయి. అది నిజం, పైగా వాళ్ల మెయింటెనెన్స్‌కు దగ్గరి విషయం.

ప్రతి ఎంపిక తర్వాత 'ఎంత ఖాయం?' అని పదికి అంకె అడగడం మంచిదే. తక్కువ అంకె చెప్పినవారిని కట్టనివారిగా లెక్కేయడానికి ఏడు దగ్గర గీత గీయాలా, ఎనిమిది దగ్గరా అన్నది మాత్రం ఫలితాలు చూడకముందే రాసిపెట్టుకో.

ముందు ఒక్క అపార్ట్‌మెంట్‌లో, సగం ఇళ్లకు ఈ ముందుమాటతో, సగం ఇళ్లకు అది లేకుండా, ఏ ఇల్లు ఎటన్నది చీటీలు తీసి నమూనా సర్వే చెయ్యి. రెండు వైపులా 'ఇప్పుడున్నదే చాలు' అన్నవారి లెక్క నాకు పంపు.

ఇట్లు,
మీ అన్నయ్య