భారీ నూనె స్నిగ్ధత (అంటే ప్రవాహానికి అది చూపే నిరోధం) ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో ముందుగా లెక్కించవచ్చా?

రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచిన స్నిగ్ధతలు తెలిస్తే మూడోదాన్ని అంచనా వేయవచ్చు, కానీ వాటి సగటు తీసి మాత్రం కాదు. ఓడల ఇంజన్లలో మండించే భారీ ఇంధన తైలాన్నే తీసుకోండి. 50 డిగ్రీల సెల్సియస్ వద్ద 380 సెంటీస్టోక్‌లు (స్నిగ్ధతను కొలిచే ప్రమాణం), 100 డిగ్రీల వద్ద 35 ఉందనుకుంటే, 75 డిగ్రీల వద్ద సగటు లెక్క సుమారు 207 చూపుతుంది. సరైన సూత్రం మాత్రం సుమారు 96 చూపుతుంది. చల్లారుతున్న బెల్లం పాకాన్ని గరిటెతో తిప్పినవారికి ఈ తేడా ఆశ్చర్యం కలిగించదు.

ఆ సూత్రం వాల్తర్ సమీకరణం. స్నిగ్ధతకు 0.7 కలిపి, దాని సంవర్గమానానికి (లాగరిథమ్‌కు) మళ్లీ సంవర్గమానం తీసి, ఆ విలువను కెల్విన్ ఉష్ణోగ్రత సంవర్గమానానికి ఎదురుగా గుర్తిస్తే బిందువులు దాదాపు సరళరేఖపై పడతాయి. పై తైలానికి ఆ రేఖ వాలు సుమారు −3.53, దాన్ని 130 డిగ్రీల వరకు పొడిగిస్తే 14.5 సెంటీస్టోక్‌లు వస్తుంది. ఇంజన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్‌కు సాధారణంగా 10 నుంచి 15 మధ్య కావాలి కనుక హీటరును ఆ ప్రాంతంలోనే అమర్చుతారు. సెల్సియస్‌ను కెల్విన్‌లోకి మార్చడం మరచిపోవడమే ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

ఈ రేఖను చల్లని వైపు పొడిగించేటప్పుడే అసలు జాగ్రత్త అవసరం. మైనం స్ఫటికాలు ఏర్పడటం మొదలైతే స్నిగ్ధత ఉష్ణోగ్రతతో పాటు, నూనెను ఎంత వేగంగా కదిలిస్తున్నామన్న దానిపైన కూడా ఆధారపడుతుంది. అక్కడ కొలవడం తప్ప దారి లేదు.