నాలుక కింద మాత్ర: మొదటి డోసు దగ్గరే జాగ్రత్త

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. కాలు విరిగినప్పుడు నొప్పికి ట్రమడాల్ రాసిచ్చారు. కాలు బాగైనా మాత్ర వదల్లేదు. 50 మిల్లీగ్రాములవి రోజుకు పది దాకా మింగుతున్నాడు. మానితే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర ఉండదు. ఈ అలవాటు మాన్పించడానికి వాడే బ్యుప్రెనార్ఫిన్ మాత్రల కోసం తిరుపతిలో ఏ షాపులో అడిగినా లేదన్నారు. అయినా ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తు ఇవ్వడమేంటి?
– ఒక అక్క, పాకాల

జవాబు: షాపుల్లో లేదనడం మామూలే. వ్యసనానికి వాడే బ్యుప్రెనార్ఫిన్–నాలాక్సోన్ మాత్రలు డీ-అడిక్షన్ చికిత్స చేసేచోటే ఇస్తారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లండి. మందు ఎక్కడ అందుబాటులో ఉందో ముందే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి కనుక్కుంటే తిరుగుడు తప్పుతుంది. పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు వెంట ఉంచుకోండి. మద్యం, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు కూడా వాడుతుంటే దాచొద్దు. బ్యుప్రెనార్ఫిన్‌తో అవి కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, మీవాడు 500 మింగుతున్నాడు. ఇలా మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, ఎప్పుడైనా వచ్చాయేమో డాక్టరుకు చెప్పండి.

ఎక్కువమంది చెడేది మొదటి డోసు దగ్గరే. చివరి ట్రమడాల్ వేసుకున్నాక కనీసం 12 గంటలు ఆగాలి. నెమ్మదిగా కరిగే రకమైతే ఇంకా ఎక్కువే. ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం కనిపించాకే మొదలుపెడతారు. తొందరపడితే బ్యుప్రెనార్ఫిన్ మెదడులో ఉన్న ట్రమడాల్‌ను ఒక్కసారిగా తోసేసి ఆ చోట కూర్చుంటుంది. దాని పని మాత్రం సగమే కాబట్టి బాధలన్నీ గంటలోపే విరుచుకుపడతాయి. ‘ఈ మందు నాకు పడదు’ అని పారిపోయేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

సాధారణంగా 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, గంటా రెండు గంటలు చూసి పెంచుతారు. మాత్ర నాలుక కిందే 5–10 నిమిషాలు కరగాలి. నీళ్లు తాగకూడదు, ఉమ్మి మింగకూడదు. మింగితే చాలావరకు కాలేయంలోనే విరిగిపోతుంది. కరిగాక నోరు పుక్కిలించాలి, గంట దాకా పళ్లు తోమొద్దు.

ఇక మీ అనుమానం. డోసు కుదిరాక మత్తెక్కదు, యావ ఉండదు, పనికి వెళ్లొచ్చు. పది రోజులు వాడి ఆపేయడమే ప్రమాదం. ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది, అప్పుడు పాత లెక్కన ట్రమడాల్ మింగితే ప్రాణం మీదికొస్తుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాల్సి రావచ్చు.

ప్రశ్న: చికిత్సకు వెళ్తే పోలీసు కేసవుతుందా?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: చికిత్స కోరినందుకు కేసు పెట్టరు. ఒకవేళ మత్తుమందు వాడకం కేసో, కొద్ది పరిమాణం కేసో ఉన్నా, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరితే 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.